నాలుగు గంటల బండి

మూడు కొంగల సత్రంలో ఎవరూ గది బయట బూట్లు విప్పరు.

ఆల్డర్‌బీలో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. తాగి తూలుతున్నవాడు సైతం బూట్లు చంకలో పెట్టుకుని మరీ గదిలోకి పోతాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు. ఉత్తరం వైపు, మేడ మీద, ఆ తలుపు కేసి ఒక్కసారి చూసి... మాట మార్చేస్తాడు.

ఏడో నంబరు తలుపు అది. గోడకు వేలాడుతున్నట్టు ఉంటుంది. ముందు వసారా లేదు, కింద మెట్లు లేవు. తెరిస్తే గాలి. రెండు నిలువుల కింద రాళ్ళు పరిచిన వాకిలి.

నేను ఇక్కడ పనికి చేరి మూడేళ్ళయింది. గదులు ఊడ్చడం, దుప్పట్లు ఉతకడం, ఎవరైనా వస్తే వండి పెట్టడం. ఎవరూ రారు. కొత్త రోడ్డు ఊరికి రెండు మైళ్ళ అవతల నుంచి పోయింది. లారీలన్నీ అటే పోతాయి. నా భర్త కూడా లారీ నడిపేవాడే. ఆయనా అటే పోయాడు.

వీధిలోంచి చూస్తే ఈ సత్రం పెద్దమనిషిలా ఉంటుంది. ఎర్ర ఇటుక గోడ, వరసగా తెల్ల కిటికీలు. వాటిలో రెండు కిటికీలు ఉత్త రంగే, వెనక గది లేదు. కమాను దాటి లోపలికొస్తే అసలు ఒళ్ళు కనిపిస్తుంది. నల్లబడిన ఓక్ దూలాలు, ఒక పక్కకు ఒరిగిన గోడలు, నడుం వంగిన కప్పు. ఇటుకల కంటే రెండొందల ఏళ్ళ ముందుది ఈ కర్ర.

లోపలి వాకిలి చుట్టూ మేడ మీద చెక్క వసారాలు. ఒకప్పుడు మూడు వైపులా ఉండేవి. ఇప్పుడు దక్షిణం, పడమర — రెండే. గదుల తలుపులన్నీ వసారాలోకే తెరుచుకుంటాయి. గది దాటి ఒక్క అడుగు వేస్తే ఎదుటి వసారాలో ఎవరున్నారో కనిపిస్తారు.

ఉంటే.

మూడో వసారా ఏమైందో నాకు పాస్క్ చెప్పాడు. పాస్క్ ఇక్కడ బీరు పీపాలు చూసుకునే ముసలాయన. నలభై గుర్రాలు కట్టిన సాలలో ఇప్పుడు ఆయన సైకిల్ ఉంటుంది. దాని పైన అటకలో ఆయన ఉంటాడు.

మేం వచ్చిన మొదటి రాత్రే చెప్పాడు. వంటింట్లో నేనూ, నా కూతురు హెదరూ, ఆయనా. హెదర్‌కి అప్పుడు పదిహేనేళ్ళు.

"జేబెజ్ అని ఒకడుండేవాడమ్మా. మా తాత చిన్నప్పుడు చూశాడు. బండి దిగినవాళ్ళు రాత్రి బూట్లు విప్పి తలుపు బయట పెట్టేవారు. అవి తీసుకుపోయి తుడిచి, మెరుగు పెట్టి, పొద్దున్నే మళ్ళీ తెచ్చిపెట్టడం... వీడి పని."

"అంతేనా?" అంది హెదర్.

"అంతేనా ఏమిటి? అరవై జతలు! ఎవరివి ఎవరివో కలిసిపోకుండా అడుగున సుద్దముక్కతో గది నంబరు వేసేవాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఉత్తరానికి పోయే బండి. దానికి పోయేవాళ్ళని లేపేదీ వీడే. మూడుసార్లు తలుపు కొట్టి, లాంతరు పట్టుకుని, వసారా చివర మెట్ల దాకా నడిపించి బండెక్కించేవాడు."

"ఎవరైనా లేవకపోతే?"

"ప్రయాణం మానుకుంటే యజమానురాలు ఎదుటి వసారాలోంచి కేకేసేది — ఫలానా నంబరు ఆగిపోయింది జేబెజ్, అని. వీడు ఆ బూట్ల మీద నంబరుకి అడ్డగీత కొట్టి వెనక్కి తెచ్చిపెట్టేవాడు. మారు మాటాడేవాడు కాదు."

పాస్క్ పైపు దులుపుకున్నాడు.

"తర్వాత రైలొచ్చింది. బండ్లు ఆగిపోయాయి. గుర్రాలని అమ్మేశారు. అందరూ తలో దిక్కూ పోయారు, జేబెజ్ తప్ప. ముసలాడు ఎక్కడికి పోతాడు? ఖాళీ గదులే కదా అని ఏడో నంబరులో పడుకోనిచ్చారు. ఓ ఏడాది చలికాలంలో ఉత్తరపు వసారా మొత్తం కోయించి ఆ కర్ర ఎవరికో ఇచ్చేశారు. సాయంత్రం దాకా వాడు నిలబడి చూశాడట. రాత్రి పడుకున్నాడు. నాలుగింటికి అలవాటు చొప్పున లేచి, లాంతరు వెలిగించుకుని... తలుపు తీశాడు."



"వసారా లేదని వాడికి తెలుసమ్మా. వాడి కాళ్ళకే తెలీదు."

హెదర్ ముందు తేరుకుంది. "అయితే చచ్చాక కూడా ఉద్యోగం మానలేదన్నమాట. ఈ మాట యజమాని చెవిన వేయకండి, మా అమ్మని మానిపించేస్తాడు."

"నవ్వు, నవ్వు. బూట్లు మాత్రం లోపల పెట్టుకో, బయట కనిపిస్తే వాడు లేపడానికి వస్తాడు."

"మీ బూట్ల సంగతేమిటి?"

"నా బూట్లా? వాసనకి ఏ దెయ్యమూ దగ్గరికి రాదు."

మాకిచ్చింది ఏడో నంబరే. కింద వంటింటి పొయ్యి, గోడలోంచి పొగగొట్టం... ఈ కొంప మొత్తానికి వెచ్చని గది అదొక్కటే. వసారా పోయాక ఉత్తరపు గదులకి వెనక నుంచి ఇరుకు దారి ఒకటి చేశారు. మేం ఆ దారినే వచ్చేపోయేవాళ్ళం. వాకిలి వైపు తలుపుకి రెండు గడియలు. దానికి అడ్డంగా ఓక్ భోషాణం. మూడేళ్ళూ ఆ తలుపు నేను తెరవలేదు. హెదరూ తెరవలేదు.

మొన్న ఫిబ్రవరి దాకా.

ఆ శుక్రవారం మంచు పలచగా పడింది. హెదర్ చీకటిపడే వేళకి వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో. నెల రోజులుగా కూడలి దాకా నడిచి పోస్టుమాన్‌కి ఎదురెళ్ళేది. లీడ్స్‌లో నర్సు చదువుకి రాసింది. జవాబు రాలేదని దిగులు.

జవాబు వచ్చింది. హెదర్‌కి జ్వరం వచ్చి పడుకున్న రోజున వచ్చింది. నేనే తీసుకున్నాను.

కంబళి కోసం బీరువా తెరిచినప్పుడు ఆ ఉత్తరం తనకి దొరికింది. ఉతికిన దుప్పట్ల మడతల్లో.

"పదమూడు రోజులైంది ఇదొచ్చి" అంది. అరవలేదు. "సోమవారంలోగా చేరకపోతే చోటు వేరేవాళ్ళకి ఇస్తారట. చదివావా ఇది?"

"చదివాను."

"చదివి మళ్ళీ మడిచి పెట్టావా?"

'నువ్వు పోతే నేనొక్కదాన్నే ఉండాలి ఇక్కడ' — ఇదీ నేననవలసిన మాట. అది నోట్లోంచి రాలేదు. నేల కేసి చూశాను. బురద అడుగులు.

"ఆ బూట్లు బయట పెట్టు" అన్నాను. "ఇప్పుడే తుడిచాను."

హెదర్ బూట్లు విప్పి చేతిలోకి తీసుకుంది.

"బయటా? సరే."

భోషాణాన్ని పక్కకి ఈడ్చింది. ఒక గడియ తీసింది. రెండోది తీసింది. తలుపు తెరుచుకుంది... చలి ఒక్క ఉదుటున లోపలికి వచ్చింది. గడప అవతల కోసేసిన దూలాల మొండాల మీద ఇంకా రెండు పలకలు మిగిలున్నాయి. పావురం నిలబడేంత మేర. తన బూట్లు వాటి మీద జతగా పెట్టింది.

"జేబెజ్!" అని కేకేసింది. "నాలుగు గంటల బండికి ఒక మనిషి! నన్ను లేపు... మా అమ్మ లేపదు!"

ఆ కేక వాకిలంతా తిరిగి మళ్ళీ మా దగ్గరికే వచ్చింది.

తలుపు తోసేసింది. గడియ పెట్టలేదు.

"చలి. గడియ పెట్టు" అన్నాను.

"నువ్వే పెట్టుకో."

నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఇప్పటికీ నాకు తెలీదు. కోపమే అయుంటుంది. దిండు తీసుకుని ఇరుకు దారిలోంచి పడమటి వసారాకి, అక్కణ్ణించి దక్షిణం వైపుకి వెళ్ళాను. మూడో నంబరులో పడుకున్నాను. ఏడుకి సరిగ్గా ఎదురు గది అది. అడుగు పడితే దక్షిణపు వసారా మూలుగుతుంది. దూలాలు పుచ్చాయని, వేసవిలోగా దాన్నీ తీయించేస్తానని యజమాని లండన్ నుంచి రాశాడు అప్పటికే.

నిద్ర రాలేదు. చలికి దుప్పటి బిగిసిపోయింది. పక్కన ఎవరూ లేని మంచానికి చలి ఎక్కువ.

చర్చి గంట నాలుగు కొట్టింది.

తర్వాత... అడుగులు.

చెక్క మీద అడుగులు. మెల్లగా, బరువుగా. ఎవరో అలవాటైన దారిలో నడుస్తున్నట్టు. పాస్క్ అనుకున్నాను. కానీ నా వసారా మూలగడం లేదు. చప్పుడు ఎదుటి నుంచి వస్తోంది.

ఎదుట చెక్క లేదు.

లేచి తలుపు తీశాను.

వాకిలి అవతల, మేడ ఎత్తున, గోడ పొడుగునా ఒక లాంతరు నడుస్తోంది. కింద ఏమీ లేదు. ఉత్త చీకటి, దాని అడుగున తెల్లగా మంచు. లాంతరు మాత్రం ఒకే ఎత్తున... కొంచెం ఊగుతూ... ఒక్కో తలుపూ దాటుకుంటూ వస్తోంది. పట్టుకున్న చేయి కనిపించలేదు. పదో నంబరు. తొమ్మిది. ఎనిమిది.

ఏడు దగ్గర ఆగింది.

లాంతరు కిందికి వంగింది. పలకల మీద బూట్లు లేవు.

టక్.

టక్.

టక్.

కమాను కింద గుర్రాలు లేవు. బండి లేదు. ఎప్పటికీ రాదు. వచ్చినా రాకున్నా ఆయనకు ఒకటే. లేపమన్నారు, లేపుతున్నాడు.

తలుపు తెరుచుకుంది.

హెదర్. ఒంటి మీద కోటు. చేతిలో సంచి. కాళ్ళకి ఏమీ లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి — కానీ వాకిలి ఇవతలున్న నన్ను చూడటం లేదు. లాంతరుని చూస్తోంది. లాంతరు ఒక అడుగు వెనక్కి జరిగింది, దారి చూపిస్తున్నట్టు. హెదర్ ఒక కాలు ఎత్తి గడప దాటించింది. పలక మీద పెట్టింది.

చెప్పులు జారుతున్నాయి. అక్కడే తలుపు బయట వదిలేసి పరిగెత్తబోయాను. నాలుగు అడుగులు వేశాను... ఆగాను. పడమటి వసారా తిరిగి, ఇరుకు దారి తిరిగి... నేను చేరేలోగా రెండో కాలు కూడా వస్తుంది.

"హెదర్!"

వినలేదు. లాంతరు ఇంకో అడుగు వెనక్కి జరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది. నేను నిలబడి ఉన్నది ఎదుటి వసారా.

వసారా కటకటాలు పట్టుకున్నాను. గొంతు నాది కాదు.

"జేబెజ్! ఏడో నంబరు ఆగిపోయింది!"

లాంతరు ఆగింది.

కదల్లేదు. వెనక్కీ పోలేదు. ఎదురుచూస్తోంది. నా మాట నమ్మనట్టు. నిజమే, ఆగిపోవాలని నా కూతురు అనలేదు. నేనన్నాను. ఎప్పుడూ నేనే అంటున్నాను.

హెదర్ రెండో మడమ లేచింది.

"పగటి బండికి పోతుంది!" అని అరిచాను. "పదకొండింటి బండికి! నేనే లేపుతాను... నేనే పంపిస్తాను. విన్నావా జేబెజ్? నేనే పంపిస్తాను!"



లాంతరు కొంచెం కిందికి వంగింది. యజమానురాలి మాట విన్నవాడు తల వంచినట్టు.

తర్వాత లేదు. ఆరిపోలేదు, దూరం పోలేదు. లేదు, అంతే.

ఎలా పరిగెత్తానో తెలీదు. ఇరుకు దారి తలుపు తోసుకుని గదిలోకి వెళ్ళేసరికి హెదర్ అలాగే ఉంది. ఒక కాలు లోపల, ఒక కాలు పలక మీద. వెనక నుంచి నడుం పట్టుకుని లాగాను. ఇద్దరం నేల మీద పడ్డాం. తన పాదం మంచుగడ్డలా ఉంది. నా ఒళ్ళో పెట్టుకుని రుద్దాను.

"మెట్లు ఇటే అన్నాడమ్మా" అంది హెదర్. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "జాగ్రత్త అన్నాడు. చాలా మర్యాదగా ఉన్నాడు."

"ఊఁ."

"ఎవరో అరిచారు."

"నేనే."

"ఏమన్నావు?"

"సంచి సరిగ్గా సర్దుకో అన్నాను. పదకొండింటికి బస్సు."

హెదర్ నా భుజం మీద తల పెట్టింది.

తెల్లవారాక బూట్లు చూశాం. మంచం పక్కన ఉన్నాయి. ఒక్క బురద మరక లేదు. అద్దంలా ఉన్నాయి. తిరగేసి చూస్తే అడుగున సుద్దముక్కతో ఏడు. దాని మీద అడ్డగీత.

పాస్క్‌ని నిలదీశాను. "మీరేనా?"

"నేనా? నా బూట్లే నేను తుడుచుకోనమ్మా!" అన్నాడు. ఆ అంకె చూశాక మాత్రం నవ్వలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాకిట్లో మంచు మీద ఒక్క అడుగు జాడ లేదు. నిచ్చెన గుర్తూ లేదు.

తలుపుకి రెండు గడియలూ పెట్టి మేకులు కొట్టాడు. భోషాణం మళ్ళీ అడ్డం పెట్టాం.

పదకొండింటికి హెదర్ బస్సెక్కింది. ఆ బూట్లే వేసుకుంది. సుద్ద తుడవనివ్వలేదు. మెట్టు మీద నిలబడి, "నువ్వు కూడా రా అమ్మా, ఏదో పని దొరక్కపోదు" అంది.

"ఉత్తరం రాయి" అన్నాను. "ఈ చిరునామాకే రాయి."

బస్సు కమాను ముందు నుంచి వెళ్ళిపోయింది. ఈసారి పరిగెత్తలేదు నేను.

లోపలికి వచ్చాను. అన్ని తలుపులూ మూసి ఉన్నాయి. దిండు మూడో నంబరులోనే ఉండిపోయిందని మేడెక్కాను.

మూడో నంబరు తలుపు బయట నా చెప్పులు.

రాత్రి పరిగెత్తేటప్పుడు ఎటో ఒకటి ఎటో ఒకటి వదిలేసినవి. ఇప్పుడు జతగా ఉన్నాయి. గోడకి ఆనించి, మడమలు కలిపి. పాత చెప్పులు, రంగు వెలిసినవి. మెరుస్తున్నాయి.

తిరగేశాను.

మూడు.

అడ్డగీత లేదు.

తడిగుడ్డతో తుడిచాను. లోపల పెట్టుకున్నాను. ఏడో నంబరులో ఒక్కదాన్నే పడుకోలేక మూడులోనే ఉంటున్నాను. చెప్పులు దిండు కింద పెట్టుకుంటున్నాను. ఏ రోజుకారోజు తుడుస్తూనే ఉన్నాను. తెల్లారి చూస్తే అంకె మళ్ళీ ఉంటుంది. తలుపు మాత్రం ఇంకా కొట్టలేదు. ఆయన తొందరపెట్టే మనిషి కాదు.

హెదర్ రాస్తోంది. వారానికొక ఉత్తరం. బాగానే ఉందట, తిండి మాత్రం చప్పగా ఉంటుందట. దీని సంగతి నేను రాయలేదు. రాస్తే బస్సెక్కి వచ్చేస్తుంది. పంపిస్తానని మాటిచ్చాను కదా.

నిన్న వడ్రంగులు వచ్చారు. దక్షిణపు వసారా కొలిచి, దూలాల మీద గుర్తులు పెట్టి వెళ్ళారు. సోమవారం నుంచి కోత.

కోసేశాక కూడా ఏదో ఒక రాత్రి నాలుగింటికి మూడుసార్లు చప్పుడవుతుంది. నాకు తెలుసు. తలుపు తీయకూడదని కూడా తెలుసు.

కానీ నా కాళ్ళ సంగతి నాకు తెలీదు.

రాత్రి తలుపు తీసి నిలబడి చూశాను. ఎదుట ఏడో నంబరు, మేకులు కొట్టిన తలుపు. అటుపక్క ఎవరూ లేరు.

నా నంబరు ఆగిపోయిందని కేకేయడానికి.